వంకాయ రంగు ఎందుకు రాలేదు?

ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని ఏ డ్రాయింగ్ పుస్తకం తిరగేసినా ఉంటుంది. మొన్న మా క్లాసులో తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ మాట నమ్మి, పళ్ళెంలో నాలుగు గుత్తి వంకాయలు పెట్టుకుని బొమ్మ వేయడానికి కూర్చుంది. పెట్టెలో ఉన్న వెర్మిలియన్ ఎరుపు, ప్రష్యన్ నీలం తీసి కలిపింది. బురద వచ్చింది. ఇంకాస్త ఎరుపు వేస్తే ఇటుక రంగు బురద అయింది. ఇంకాస్త నీలం వేస్తే తారులా తయారైంది. "పుస్తకంలో ఇలాగే ఉంది కదా మాస్టారూ, నేనేం తప్పు చేశాను?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ పిల్ల తప్పేమీ చేయలేదు. విజయవాడలో పాతికేళ్ళుగా బొమ్మలు నేర్పుతున్నాను. పిల్లలే కాదు, రిటైరయ్యాక కుంచె పట్టుకున్న పెద్దవాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. రంగుల సిద్ధాంతం అనే పేరుతో మనకు మూడు వేర్వేరు సంగతులు ఒకే మూటలో కట్టి ఇచ్చారు. వెలుగు వెలుగుతో ఎలా కలుస్తుందన్నది ఒకటి. రంగు పొడి ఇంకో పొడితో ఎలా కలుస్తుందన్నది రెండోది. మన కన్ను వీటన్నిటినీ ఎలా చూస్తుందన్నది మూడోది. మూడింటికీ లెక్కలు వేరు. ఒకదాని సూత్రం తీసుకెళ్ళి ఇంకోదానికి అతికిస్తే బురదే వస్తుంది. ఆ మూట విప్పితే తప్ప వంకాయ దగ్గరికి వెళ్ళలేం.

ఫ్లెక్సీ షాపులో తెలిసే సంగతి

ఇంట్లో పుట్టినరోజుకు ఫ్లెక్సీ వేయించినవాళ్ళందరికీ ఈ అనుభవం ఉంటుంది. ఫోన్‌లో డిజైన్ చూసినప్పుడు ఆకుపచ్చ మెరిసిపోతూ ఉంటుంది. అచ్చయి వచ్చాక అదే ఆకుపచ్చ నీరసంగా కనిపిస్తుంది. అడిగితే షాపు కుర్రాడు, "ఫైలు ఆర్‌జీబీలో ఉందండీ, సీఎంవైకేలోకి మారిస్తే కొంచెం డల్ అవుతుంది" అంటాడు. అతను సాకు చెప్పడం లేదు, ఉన్న విషయమే చెబుతున్నాడు. ఆర్‌జీబీ అంటే తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్క, సీఎంవైకే అంటే అచ్చులో నాలుగు ఇంకుల లెక్క. ఫోన్ వెలుగును పంపిస్తుంది. ఫ్లెక్సీ మీది ఇంకు వెలుగును మింగుతుంది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి తలకిందులు.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి, వేలితో చిన్న నీటి చుక్క స్క్రీన్ మీద పెట్టండి. చుక్క భూతద్దంలా పనిచేసి లోపల ఉన్న చిన్న చిన్న ఎర్ర, ఆకుపచ్చ, నీలి గీతల్ని చూపిస్తుంది. తెలుపు అక్కడ లేదు. ఇప్పుడు పసుపు రంగు బొమ్మ తెరవండి. చుక్క కింద పసుపు కూడా ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే వెలుగుతుంటాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు! కుంచెతో కలిపినవాడెవడూ ఒప్పుకోని సంగతి ఇది. వెలుగు విషయంలో మాత్రం నిజం.

కారణం మన కంటిలో ఉంది. మనకు కనిపించే వెలుగు తరంగాల పొడవు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఇన్ని రకాల తరంగాలకు కంటి వెనక పొరలో ఉన్న రంగు కణాలు మూడు రకాలే. ఒక రకం పొడవాటి తరంగాలకు బాగా స్పందిస్తుంది, ఒకటి మధ్యవాటికి, ఒకటి పొట్టివాటికి. ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ 1802లోనే కన్ను మూడు రకాల స్పందనలతో పని జరుపుకుంటూ ఉండాలని ఊహించాడు. నిమ్మపండు నుంచి వచ్చే వెలుగైనా, ఫోన్ పంపే ఎరుపు ఆకుపచ్చల జంటైనా, ఆ మూడు రకాల కణాల్ని ఒకే పాళ్ళలో కదిలిస్తే మెదడుకు రెండూ ఒకటే. అది రెండింటికీ పసుపు అనే పేరు పెడుతుంది.

న్యూటన్ 1666 ప్రాంతంలో గాజు పట్టకంతో ఎండను విడదీశాడు. 1704లో వేసిన పుస్తకంలో ఆ రంగుల పట్టీని వంచి, రెండు కొసలూ కలిపి చక్రం చేశాడు. మన డ్రాయింగ్ పుస్తకాల్లోని రంగుల చక్రాలన్నీ దాని సంతతే. అయితే ఒకటి గమనించండి. పట్టీలో ఎరుపు ఒక కొస, ఊదా ఇంకో కొస. వాటి మధ్య చుట్టరికం ఎండలో లేదు, మన కంటిలో ఉంది. పొడవాటి తరంగాలకూ పొట్టి తరంగాలకూ స్పందించే కణాలు ఒకేసారి కదిలి, మధ్యవి ఊరుకుంటే మెదడు ఒక కొత్త రంగును పుట్టిస్తుంది. అదే మెజెంటా. ఇంద్రధనస్సులో ఎంత వెతికినా అది దొరకదు. ఎర్రటి జిగి ఉన్న వంకాయ రంగు కూడా ఆ కుటుంబంలోదే. ఆ అమ్మాయి వేయాలనుకున్నది అంత కష్టమైన రంగు.

మిరపకాయ ఏం మింగుతుంది

రంగు పొడి సంగతికి గుంటూరు మిరపకాయ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎండు మిరపకాయ ఎర్రగా ఉంది అంటే తన మీద పడిన ఎండలో నీలం, ఆకుపచ్చ భాగాల్ని మింగేసి, ఎరుపును వదిలేసిందని అర్థం. వ్యాపారంలో మిరప రంగును కొలిచే పద్ధతి కూడా ఇదే. ఆస్టా విలువ అంటారు. కారాన్ని అసిటోన్‌లో నానబెట్టి రంగు దిగాక, ఆ ద్రావణం గుండా 460 నానోమీటర్ల వెలుగును, అంటే నీలి వెలుగును పంపిస్తారు. ఎంత మింగిందో కొలుస్తారు. ఎరుపు ఎంత ఉందో తెలుసుకోవడానికి నీలం ఎంత పోయిందో చూస్తారన్నమాట. చిత్రకారుడు రంగు గురించి నేర్చుకోవలసిన మొదటి పాఠాన్ని మిరప వ్యాపారం రోజూ చేసి చూపిస్తోంది.

రంగు అంటే మిగిలింది. ఇది పట్టుబడితే కలపడం అర్థమవుతుంది. రెండు పొడులు కలిపినప్పుడు రెండూ తమ తమ వాటా మింగుతాయి. ఇద్దరూ వదిలేసిందే మన కంటికి చేరుతుంది. నిమ్మపసుపు నీలం వెలుగును మింగుతుంది, నీలం పొడి ఎరుపును మింగుతుంది, ఇద్దరి నుంచీ తప్పించుకున్నది ఆకుపచ్చ ఒక్కటే. అందుకే పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. కలిపేకొద్దీ మింగేవాళ్ళు పెరుగుతారు కాబట్టి రంగు చీకటి పడుతుంది, మసకబారుతుంది. నాలుగైదు రంగులు కలిపితే బురద రావడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు వంకాయ దగ్గరికి వద్దాం. వెర్మిలియన్ నారింజ వైపు మొగ్గే ఎరుపు. నీలి వెలుగును దాదాపు పూర్తిగా మింగేస్తుంది. ప్రష్యన్ నీలం ఆకుపచ్చ వైపు మొగ్గే నీలం. ఎరుపు వెలుగును మింగేస్తుంది. ఊదా రావాలంటే ఎరుపు, నీలం రెండూ బతికి రావాలి. ఈ జంటలో ఒకరు నీలాన్ని, ఇంకొకరు ఎరుపును మింగేస్తే ఊదా ఎక్కడి నుంచి వస్తుంది? అదే పెట్టెలో పక్క గదిలో క్రిమ్సన్ ఉంది. అది గులాబీ వైపు మొగ్గే ఎరుపు, నీలి వెలుగును కొంత వదిలిపెడుతుంది. అల్ట్రామరైన్ నీలం ఊదా వైపు మొగ్గుతుంది, ఎరుపును కొంత వదిలిపెడుతుంది. ఈ రెండూ కలిపి చూపించాను. కాగితం మీద వంకాయ నిగనిగలాడింది. ఎరుపు కూడా నీలం కూడా అవే పేర్లు. పుస్తకం చెప్పని సంగతి, ఏ ఎరుపు, ఏ నీలం అన్నది.

అచ్చు యంత్రాలు ఎరుపు, నీలం, పసుపు వాడకుండా మెజెంటా, సియాన్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం, పసుపు వాడటం కూడా ఇందుకే. సియాన్ ఎరుపు వెలుగును మాత్రమే మింగుతుంది. మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని మింగుతాయి. తలా ఒక వాటా. ఎవరి వాటాలోకి ఇంకొకరు వేలు పెట్టరు కాబట్టి కలిపినప్పుడు ఎక్కువ రంగులు శుభ్రంగా వస్తాయి. ఇంకులు పూర్తిగా ఈ లెక్కకు కట్టుబడి ఉండవు, అందుకే నలుపు ఇంకును నాలుగోదిగా చేరుస్తారు. మన పాత పాఠంలోని ఎరుపు, నీలం నిజానికి మెజెంటా, సియాన్‌లకు ఒకప్పుడు దొరికిన దగ్గరి చుట్టాలు. పాఠం పూర్తిగా తప్పని నేననను. సగం చెప్పి వదిలేశారు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళను ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనవద్దంటాను. రెండు పసుపులు కొనండి, నిమ్మపసుపు ఒకటి, ముదురు పసుపు ఒకటి. రెండు ఎరుపులు, వెర్మిలియన్, క్రిమ్సన్. రెండు నీలాలు, అల్ట్రామరైన్, ప్రష్యన్. వీటికి బర్న్ట్ సియన్నా అనే మట్టి రంగు, తెలుపు చేర్చండి. ఎనిమిది ట్యూబులు. ఒక ఆదివారం కూర్చుని ప్రతి రంగునూ ప్రతి రంగుతో కలిపి గళ్ళు గీసిన కాగితం మీద వేసుకోండి. ఏ రంగు ఎటు మొగ్గుతుందో ఆ ఒక్క రోజులో తెలిసినంత, ఏ పుస్తకం చదివినా తెలియదు.

కొనేటప్పుడు ఇంకోటి చూడాలి. రంగు ఎండకు నిలుస్తుందా? దుగ్గిరాల పసుపు ఎంత మంచిదైనా, పసుపులో తడిపిన బట్ట నాలుగు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఎండు మిర్చి కూడా వెలుగూ గాలీ తగిలితే రంగు తగ్గుతుంది, గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉండటానికి అదీ ఒక కారణం. ట్యూబుల్లో కొన్ని క్రిమ్సన్‌లు అదే బాపతు. గోడకు తగిలించే బొమ్మ అయితే ట్యూబు మీద నిలకడకు ఎన్ని గుర్తులు ఇచ్చారో చూసి కొనండి.

పెడన కలంకారీ పనివాళ్ళను చూస్తే రంగు ఎంత సంబంధాల మీద ఆధారపడిందో ఇంకా బాగా తెలుస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పటిక అద్దిన చోట రంగునిచ్చే మొక్క వేరు ఉడికించిన నీళ్ళు ఎరుపు పట్టిస్తాయి. పటిక లేని చోట ఆ ఎరుపు నిలవదు, ఉతుకుల్లో పోతుంది. ఇనుప తుక్కు, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్ళు అదే కరక్కాయ గుడ్డకు తగిలితే నల్లబడుతుంది. ఎరుపు వేరులోనే ఉందని కానీ, నలుపు ఇనుములోనే ఉందని కానీ అనలేం. పెళ్ళిళ్ళలో పసుపులో సున్నం కలిపి పారాణి చేసేవాళ్ళకు ఇది ఎప్పటి నుంచో తెలుసు.

బట్టలకు నీలం ఎందుకు పెడతాం

ఎదురు రంగులు, అంటే రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండేవి, అనే మాట విని చాలామంది భయపడతారు. మన ఇళ్ళలో అమ్మమ్మలు రోజూ వాడిన పద్ధతి అది. తెల్ల పంచె నాలుగు ఉతుకులకు పసుపు బారుతుంది, అంటే నీలి వెలుగును కాస్త మింగడం మొదలుపెడుతుంది. బకెట్ నీళ్ళలో చిటికెడు నీలం వేసి ముంచితే, ఆ నీలం మిగిలిన ఎరుపు, పసుపుల్లోంచి కాస్త మింగుతుంది. అన్నీ సమానం అవుతాయి. లెక్క ప్రకారం పంచె నుంచి వచ్చే వెలుగు ఇంకొంచెం తగ్గింది. అయినా కంటికి తెల్లగా, మల్లెపూవులా కనిపిస్తుంది. గోడకు వెల్ల వేసేటప్పుడు సున్నంలో నీలం కలిపేది కూడా ఇందుకే. పాతకాలపు బట్టల నీలం పొడి చాలావరకు అల్ట్రామరైనే, మన ట్యూబులో ఉన్నదే.

చిత్రకారుడికి ఇందులో రెండు ఉపయోగాలున్నాయి. ఒకదానికొకటి ఎదురైన రంగులు కలిపితే రెండూ చచ్చి బూడిద రంగు వస్తుంది. అల్ట్రామరైన్‌లో బర్న్ట్ సియన్నా కలిపి చూడండి. బర్న్ట్ సియన్నా అంటే చీకటి పడిన నారింజ, నీలానికి ఎదురు. రెండూ కలిసి ఇచ్చే బూడిద రంగు ట్యూబులోని నలుపుకు తెలుపు కలిపిన దాని కంటే ఎంతో ప్రాణంతో ఉంటుంది. నీలం కాస్త ఎక్కువైతే వాన మబ్బు, సియన్నా ఎక్కువైతే ఆగస్టులో బ్యారేజీ గేట్లు ఎత్తినప్పటి కృష్ణ నీళ్ళు. రెండే ట్యూబులతో ఒక వానాకాలం మొత్తం వేయొచ్చు.

రెండో ఉపయోగం, పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఒక ఎర్ర కాగితం ముక్కను అర నిమిషం కన్నార్పకుండా చూసి, తెల్ల గోడ వైపు చూడండి. అదే ఆకారం నీలి జిగి ఉన్న ఆకుపచ్చలో తేలుతుంది. ఎరుపు చూసి అలసిన కణాలు కాసేపు మూగబోయి, మిగతావి మాట్లాడతాయి. ఆపరేషన్ థియేటర్లలో గుడ్డలు ఆకుపచ్చగా, నీలం కలిసిన ఆకుపచ్చగా ఉండటం ఇందుకు సాయపడుతుంది. గంటల తరబడి రక్తం చూసిన డాక్టరు కంటికి తెల్ల గుడ్డ మీదైతే తేలే ఈ నీడలు, ఆ ఆకుపచ్చ మీద అంతగా తెలియవు. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ అని పుస్తకం అంటుంది, కన్ను మాత్రం సియాన్ దగ్గరి రంగును చూపిస్తుంది. ఇక్కడ కూడా పొడి లెక్క వేరు, కంటి లెక్క వేరు. పళ్ళెంలో కలిపేటప్పుడు పళ్ళాన్ని నమ్మండి, చూసేటప్పుడు కంటిని నమ్మండి.

గాంధీనగర్ షెడ్డులో

ఇంతవరకూ చెప్పింది రాకపోయినా మంచి బొమ్మ వేయొచ్చు. ఇప్పుడు చెప్పేది రాకపోతే మాత్రం వేయలేరు. నాకు దీన్ని నేర్పింది కాలేజీ కాదు, గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసే షెడ్డు. ఫ్లెక్సీలు రాకముందు థియేటర్ల ముందు కట్టే ఇరవై, ముప్పై అడుగుల బ్యానర్లు చేత్తోనే రాసేవారు. గుడ్డ మీద గళ్ళు కొట్టుకుని, రంగు పొడులు అవిసె నూనెలో కలుపుకుని, నిచ్చెనలు ఎక్కి ముఖాలు దించేవారు. నేను సెలవుల్లో కుంచెలు కడగడానికి వెళ్ళేవాణ్ణి.

అక్కడి హీరోల ముఖాలు దగ్గరి నుంచి చూస్తే భయం వేసేది. చెంపకు గులాబీ, దవడ కింద నీలం, ముక్కు పక్కన ఆకుపచ్చ. రోడ్డు దాటి చూస్తే అచ్చం ఆ మనిషే. ఇదెలాగని ఒకరోజు మేస్త్రీని అడిగాను. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ముందు నలుపు తెలుపులో ముఖం పలకాలిరా. పలికాక నువ్వు చెంపకు ఆకుపచ్చ పూసినా జనం పోల్చుకుంటారు."

రంగుకు మూడు కొలతలు ఉంటాయి. 1905లో అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ వాటిని స్పష్టంగా విడదీసి పెట్టాడు. ఒకటి, అది ఏ రంగు, ఎరుపా నీలమా. రెండు, ఎంత వెలుగు ఎంత చీకటి. మూడు, ఎంత గాఢం ఎంత మసక. మన తెలుగులో చిక్కు ఎక్కడ వస్తుందంటే రెండోదానికీ మూడోదానికీ ఒకే మాట వాడతాం. ముదురు ఎరుపు అంటాం. అది చీకటిగా ఉన్న ఎరుపా, గాఢంగా ఉన్న ఎరుపా? పండు మిరపకాయ ఎరుపు గాఢమైనది, చీకటిది కాదు. ఎండి నల్లబడిన మిరపకాయ ఎరుపు చీకటిది, గాఢత పోయింది. రెండింటినీ ముదురు అంటే బొమ్మలో రెండూ ఒకేలా వస్తాయి. మొదటిదానిలో కూడా ఒక తమాషా ఉంది. పచ్చ అంటే మనకు పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. పచ్చటి చేను, పచ్చటి పసుపు కొమ్ము. మాట అందంగా ఉంది. కుంచె పట్టినప్పుడు మాత్రం ఏ పచ్చ అని అడగాల్సిందే.

ఈ మూడింటిలో వెలుగు చీకట్ల తేడాయే ముఖ్యం. ఆకారాన్ని, లోతును, ముఖాన్ని పసిగట్టే పని కన్ను ఎక్కువగా దానితోనే చేస్తుంది. రంగు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. మేస్త్రీ రాసిన ఆకుపచ్చ దవడ నిలబడింది అందుకే, అక్కడ ఉండాల్సినంత చీకటి ఉంది. మీ బొమ్మ చప్పగా ఉందనిపిస్తే కొత్త రంగు కోసం వెతకకండి. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. అంతా ఒకే బూడిద రంగులో కలిసిపోతే జబ్బు అక్కడే ఉంది. ఫోన్ లేకపోతే కళ్ళు చికిలించి చూడండి. షెడ్డులో అందరూ చేసేది అదే.

ఒక్కో రంగుకు పుట్టుకతోనే ఒక మెట్టు ఉంటుంది. పసుపు తన పూర్తి గాఢతలో ఉన్నప్పుడు చాలా వెలుగుగా ఉంటుంది, నీలం చాలా చీకటిగా ఉంటుంది. చీకటి పసుపు కావాలని నిమ్మపసుపులో నలుపు కలిపితే పాచి ఆకుపచ్చ వస్తుంది. అరటిపండు బొమ్మ వేసిన ప్రతి పిల్లవాడూ ఈ దెబ్బ తిన్నవాడే. నలుపుకు బదులు సియన్నా కలపండి, నీడ పండులోనే ఉంటుంది.

కల్లంలో నీడలు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరి వైపు వెళ్ళినా మిరప కల్లాలు కనిపిస్తాయి. నేను ఏటా ఒకసారైనా వెళ్ళి అక్కడ కూర్చుని బొమ్మ వేస్తాను. ఘాటుకు తుమ్ములు వస్తాయి, కళ్ళు మండుతాయి. అయినా నీడ గురించి అంత బాగా చెప్పే చోటు నేనింకా చూడలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎండ పడిన చోట ఎరుపు, నీడ ఉన్న చోట ఎరుపులో నలుపు వేశాను. ఇంటికొచ్చి చూస్తే కాలిన మిరపకాయల కుప్పలా ఉంది. మళ్ళీ వెళ్ళి, ఈసారి రంగు ముట్టుకోకుండా ఒక గంట చూస్తూ కూర్చున్నాను. ఎండ నేరుగా పడిన చోట ఎరుపు కాస్త వెలిసినట్టు, నారింజ వైపు ఉంది. కాయల మెరుపు మీద ఆకాశం తెల్లగా కనిపిస్తోంది. కాయకూ కాయకూ మధ్య సందుల్లో అన్నిటి కంటే గాఢమైన ఎరుపు ఉంది! ఎందుకంటే అక్కడికి చేరే వెలుగు ఒక కాయను తాకి, ఎర్రబడి, ఇంకో కాయ మీద పడుతోంది. రెండుసార్లు, మూడుసార్లు మిగతా రంగుల్ని మింగించుకుని వచ్చిన వెలుగు అది. కుప్ప బయట నేల మీద పడిన నీడ మాత్రం నీలి జిగితో ఉంది, ఎండ అందని ఆ నేలకు ఆకాశమే దీపం కాబట్టి. కుప్పకు ఆనుకున్న అంచులో ఆ నీలి నీడలోకి మళ్ళీ కాస్త ఎరుపు కారుతోంది. పక్కన విడిగా పోసిన తాలు కాయలు, రంగు పోయి తెల్లబారినవి, ఆ ఎరుపు పక్కన ఉండటం వల్ల పాలిపోయిన ఆకుపచ్చలా అనిపిస్తున్నాయి.

నీడ అంటే నలుపు కాదు, వేరే దీపం వెలుగు అని నాకు తెలిసింది ఆ రోజే. అప్పటి నుంచి నా పెట్టెలో నల్ల ట్యూబు మూత తీసింది చాలా తక్కువ.

పక్కవాడిని బట్టి

తాలు కాయ ఆకుపచ్చగా అనిపించడానికి కారణం వెలుగూ కాదు, పొడీ కాదు. ఇది పూర్తిగా కంటి పని. ఫ్రాన్స్‌లో గోబెలిన్ అద్దకశాలలో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. అక్కడి నల్ల దారం నాసిగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే లోపమేమీ లేదు. దాని పక్కన నేసిన నీలి దారాల వల్ల నలుపు నలుపులా కనిపించడం లేదని ఆయన తేల్చాడు. ఏ రంగైనా పక్క రంగును తనకు ఎదురైన రంగు వైపు నెడుతుందని 1839లో పెద్ద పుస్తకమే రాశాడు.

మంగళగిరి నేత చీరలు అమ్మేవాళ్ళకు ఇది బాగా తెలిసిన సంగతి. అదే జరీ అంచు ముదురు నీలం చీర మీద బంగారంలా మండుతుంది, ఆవపువ్వు రంగు చీర మీద ఉన్నట్టే తెలియదు. బూడిద రంగు ముక్కను ఎర్ర కాగితం మీద ఒకటి, ఆకుపచ్చ కాగితం మీద ఒకటి పెట్టి చూడండి, రెండూ ఒకే ముక్క అంటే నమ్మలేరు. అందుకే పళ్ళెంలో సరిగ్గా కలిసిన రంగు కాగితం మీదకు వెళ్ళగానే మారిపోయినట్టు అనిపిస్తుంది. రంగు మారలేదు, పక్కవాళ్ళు మారారు. పళ్ళెంలో ఒక్క రంగును గంటసేపు సవరించే బదులు, కాగితం మీద అన్ని చోట్లా పలచగా వేసుకుని, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దుకుంటూ పోవాలి. తెల్ల కాగితం కూడా ఒక పక్కవాడే అని మరిచిపోవద్దు. తెలుపు పక్కన ఏ రంగైనా చీకటిగా కనిపిస్తుంది, కాగితం నిండాక వెలవెలబోతుంది.

దీపం కూడా తన వంతు మార్పు తెస్తుంది. బీసెంట్ రోడ్డు మ్యాచింగ్ సెంటర్లలో జాకెట్టు గుడ్డ చూపించి, "బయట ఎండలోకి తీసుకెళ్ళి చూసుకోండమ్మా" అంటారు. ట్యూబ్‌లైటు కింద చీర, గుడ్డ ఒకటే. మెట్లు దిగగానే గుడ్డ ఎర్రబారుతుంది. రెండు గుడ్డలకూ వేసిన అద్దకాలు వేరు, అవి మింగే తరంగాలు వేరు. ఒక దీపం కింద కంటి మూడు కణాలకూ లెక్క కుదిరింది, ఇంకో దీపం కింద కుదరలేదు. రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద బొమ్మ వేసి పొద్దున చూసి ఏడ్చినవాళ్ళకు ఇదే కారణం. కుదిరితే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట వేయండి.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కంటి ఇంకో గుణం కనిపిస్తుంది. పొద్దు గూకాక, దీపాలు వెలిగే ముందు ఒక పావుగంట ఉంటుంది. పగలంతా కొట్టొచ్చినట్టు కనిపించిన ఎర్ర చీర నల్లబడిపోతుంది. అదే సమయంలో ఒడ్డున ఆకుపచ్చ, నీళ్ళలో నీలం దాని పక్కన వెలుగుగా తోస్తాయి. చీకట్లో రంగు కణాలు పని తగ్గించుకుని, మసకలో చూసే మరో రకం కణాలు పని అందుకుంటాయి. వాటికి ఎరుపు దాదాపు తెలియదు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం తొలినాళ్ళలో దీన్ని గమనించాడు, అందుకే దీనికి ఆయన పేరు పెట్టారు. మునిమాపు బొమ్మలో ఎర్ర పడవను ఎర్రగా వేస్తే ఎందుకు అబద్ధంలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

ఆ అమ్మాయి మరుసటి వారం కొత్త కాగితం తెచ్చుకుంది. ముందు పెన్సిలుతో నాలుగు వంకాయలకూ వెలుగు, నీడ మాత్రమే వేసింది. క్రిమ్సన్, అల్ట్రామరైన్ కలిపింది. నీడ వైపు నలుపు కోసం చెయ్యి వెళ్ళబోయి ఆగింది, అల్ట్రామరైన్ ఇంకాస్త చేర్చి, చిటికెడు సియన్నా కలిపింది. కాడల ఆకుపచ్చ మరీ గాఢంగా ఉండటంతో వంకాయ ఎర్రబడినట్టు కనిపిస్తోందని తనే కనిపెట్టి, కాడలో కాస్త ఎరుపు వేసి మసక చేసింది. చివరికి కాయ మీద మెరుపు దగ్గర తెల్ల ట్యూబు మూత తీసి, కిటికీ వైపు ఒకసారి, వంకాయ వైపు ఒకసారి చూసి, "మాస్టారూ, ఇది తెలుపు కాదు కదా, బయట ఆకాశం కదా" అని అడిగింది.